ఎర్రోడు తాగిన పాలు

కోదాడ
18-6-2006

అక్కకు తమ్ముడు సోమన్న దండాలు. బావకూ, మా కోడలుపిల్ల స్రవంతికీ నేను అడిగానని చెప్పు.

అక్కా, ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు. నేనిప్పుడు ఎవరి దగ్గర పని చేస్తున్నానో తెలుసా? హీరో విజయకేతన్ దగ్గర! మీ ఇంట్లో అద్దం పక్కన క్యాలెండర్‌లో గుర్రం మీద కూర్చుని ఉంటాడే, ఆయన దగ్గరే. కోదాడ దాటినాక హైవే మీద నుంచి లోపలికి పోతే ఆయన మామిడితోట ఉంది.

పోయిన నెల గొర్లను రోడ్డు దాటిస్తుంటే ఆయన కారు ఆగింది. సరిగ్గా అప్పుడే మన కుక్కలూ పక్క మంద కుక్కలూ ఒకదాని మీద ఒకటి పడి కలబడుతున్నాయి. నేను నాలుక మడిచి ఒక్క ఈల వేశాను. అన్నీ విడిపోయి తోకలు దించుకుని వచ్చాయి. కారు అద్దం కిందికి దిగింది. "నీ పేరేంటి? నా దగ్గర పని చేస్తావా?" అన్నాడు. అచ్చం సినిమాలో గొంతే అక్కా. దిగి వచ్చి నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు. ఆ నీలం అంగీ ఇంకా ఉతకలేదు. ఉతకను కూడా.

నా పని ఆయన కుక్కలను చూసుకోవడం. ఆరున్నాయి. పిట్‌బుల్ అంటారు. తల రోలంత ఉంటుంది. మామిడికొమ్మను నోట పట్టుకుని గాలిలో వేలాడితే పావుగంటైనా వదలవు. మొదటిరోజు వాటి కూటి గిన్నెను దూరం నుంచే కర్రతో నెట్టాను, నీకు కాబట్టి చెప్తున్నా. కానీ జ్వాల అని ఒక ఆడకుక్క ఉంది. అది వచ్చి నా అరచెయ్యంతా నాకి, నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. అంత బలం పెట్టుకుని అంత మెత్తగా ఎట్లా ఉందో నాకిప్పటికీ అంతుబట్టలేదు.

ఇక్కడ గేటు దగ్గర సెల్‌ఫోన్లు గుంజుకుంటారు. ఉత్తరాలు కూడా విప్పి చూస్తారు. పెద్దవాళ్లు వచ్చిపోయే చోటు కదా. అందుకని నువ్వు బస్టాండు ఎదురుగా ఉన్న కమలాబాయి హోటల్ పేరు మీద రాయి. ఆమె దాచి నాకిస్తుంది.

ఇంకొక మాట. తోటలోకి అడవిపందులు వస్తాయి. వాటితో తలపడి కుక్కలకు గాయాలవుతున్నాయి. నువ్వు పశువుల దవాఖానలోనే ఉన్నావు కదా, డాక్టరమ్మను అడిగి మందూ, కుట్లు వేసే దారమూ పంపు. ఎట్లా కుట్టాలో కూడా రాయి.

నీ తమ్ముడు
సోమన్న

—

సూర్యాపేట
5-7-2006

తమ్ముడు సోమన్నకు నాగరాణి అక్క దీవెనలు.

నీ ఉత్తరం కూర్చునే చదివాను, మంచిదైంది. అటెండర్ నాగరాణిని ఈ దవాఖానలో ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు ఎడ్లకు సూదులు వేయించడానికి వచ్చిన రైతులు కూడా "హీరో కుక్కలను సూసేది నీ తమ్ముడేనట గదా!" అని అడుగుతున్నారు. మీ బావ ఆటో వెనుక విజయకేతన్ బొమ్మ అంటించాడు. నాకూ గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు? అంగీ మాత్రం ఉతుకు నాయనా. నీ చెమట వాసనను ఆయన చెయ్యి ఎన్నాళ్లు ఆపుతుంది?

సులోచన మేడమ్‌ను అడిగాను. మందు, దారం, వంకర సూది ఈ పొట్లంలో ఉన్నాయి. ముందు కాచి చల్లార్చిన నీళ్లతో గాయం కడుగు. సూది వేడినీళ్లలో మరగబెట్టు. ఒక్కో కుట్టు విడిగా ముడివెయ్యి. లోతుగా ఉంటే కుట్టకు, లోపల చీము పడుతుంది, డాక్టరుకు చూపించాలి.

గాయాలు ఎక్కడ అవుతున్నాయి? పొట్ట మీదా, తొడల మీదా? మేడమ్ అడిగింది. ఈసారి రాయి.

అక్క
నాగరాణి

—

కోదాడ
2-10-2006

అక్కకు దండాలు.

నువ్వు చెప్పినట్టే కుట్టాను. మానుతున్నాయి. గాయాలు ఎక్కువగా చెవుల మీదా, మెడ మీదా, ముందుకాళ్ల మీదా అవుతున్నాయి. ఇక్కడి పందులు జర వేరే రకం.

అది వదిలెయ్యి, అసలు సంగతి విను. జ్వాల ఈనింది. నాలుగు పిల్లల్లో మూడు చచ్చిపోయాయి, ఒక్కటి మిగిలింది. జ్వాలకు పాలు పడలేదు. మేనేజర్ వచ్చి "బతికేది కాదులే, పారెయ్" అన్నాడు. పిల్ల నా అరచేతిలో పట్టేంత ఉంది. ఎర్రగా, గొంతు కింద రూపాయంత తెల్లమచ్చ. ఇంకా కళ్లు తెరవలేదు.

తోట వెనుక మనవాళ్ల మంద దిగి ఉంది. అందులో ఒక గొర్రెకు పొద్దుననే పిల్ల చచ్చిందని విన్నాను. అక్కా, నాకు వేరే ఆలోచన రాలేదు. నాయిన చేసినట్టే నా చేతులు చేసుకుంటూ పోయాయి. చచ్చిన గొర్రెపిల్ల తోలు అడిగి తెచ్చి, గొర్రెకు తన పిల్ల వాసనే తగలాలని ఈ కుక్కపిల్లకు కప్పి కట్టాను. గొర్రెను అదిమి పట్టుకుని పిల్లను పొదుగు కింద పెట్టాను. అది వాసన చూసింది. ఒకసారి తన్నింది. మళ్లీ వాసన చూసింది. ఇగ నిలబడింది! నీకు గుర్తుందా, మందకు పెంచే ప్రతి కుక్కపిల్లకూ నాయిన కళ్లు తెరవకముందే గొర్రె పాలు తాగించేవాడు. అట్లా తాగిన కుక్కకు గొర్రె తల్లి అవుతుందనేవాడు. ఇన్నేళ్లుగా చూసిందే అయినా, ఆ తోలు కింద ఈ చిన్న మూతి చప్పరించడం చూస్తే నాకు ఒళ్లు జలదరించింది.

హీరో గారు వచ్చి పగలబడి నవ్వాడు. తన ఫోన్‌లో వీడియో కూడా తీసుకున్నాడు. దానికి సుల్తాన్ అని పేరు పెట్టాడు. నేను మాత్రం ఎర్రోడా అనే పిలుస్తున్నాను.

సోమన్న

—

సూర్యాపేట
20-11-2006

తమ్ముడికి.

నిన్న టీవీలో విజయకేతన్ ఇంటర్వ్యూ వచ్చింది. "నాకు జంతువులంటే ప్రాణం. నా తోటలో పుట్టిన పిల్లను ఎలా బతికించుకున్నానో చూడండి" అని ఫోన్‌లోని వీడియో చూపించాడు. గొర్రె, తోలు కప్పుకున్న పిల్ల, తెల్లమచ్చ, అన్నీ కనిపించాయి. నీ ముఖం లేదు. నీ చేతులూ, నాయిన వెండి కడియమూ ఉన్నాయి. "ఎంత దయగల మనిషి!" అని వీధంతా మెచ్చుకుంది. స్రవంతి మాత్రం "మామ చేతులు, మామ చేతులు" అని ఎగిరింది.

నేను ఎగరలేదు సోమన్నా. నీ పోయిన ఉత్తరం మేడమ్‌కు చదివి వినిపించాను. ఆమె అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, విడమరచి చెప్పింది. పంది కింది నుంచి పైకి పొడుస్తుంది. పొట్ట చీలుస్తుంది, తొడ చీలుస్తుంది. పంది ఎక్కడైనా చెవి కొరుకుతుందా? చెవులూ, మెడా, ముందుకాళ్లూ కొరికేది ఎదురుగా నిలబెట్టిన ఇంకో కుక్క. నేనెంత మొద్దును! దారం నేనే పంపాను, కుట్టడం నేనే నేర్పాను.

నువ్వు గొర్రెల కాపరి కొడుకువి. కుక్కలను విడదీసే ఈల నీ నోట్లో ఉంది. ఆ ఈల అక్కడ వేస్తున్నావా, మూసుకుని నిలబడుతున్నావా? నిజం రాయి. రాయలేకపోతే ఇంటికి రా.

అక్క

—

కోదాడ
29-1-2007

అక్కా,

రెండు నెలలు నీకు రాయలేకపోయాను. నువ్వు అన్నది నిజం.

ఆదివారం మధ్యాహ్నాలు కుక్కల పందెం నడుస్తుంది. తోట మధ్యలో రేకుల షెడ్డు, లోపల చెక్కలు కట్టిన గుంత. బయట వరసగా కార్లు. సినిమావాళ్లు వస్తారు, లీడర్లు వస్తారు. టీవీలో చూసి మనం చప్పట్లు కొట్టే మనుషులే కుర్చీల మీదకెక్కి అరుస్తారు. గుంతలోకి దింపేది నేను. అయిపోయాక ఎత్తుకొచ్చి కుట్టేది నేను. ఈల వేయలేదక్కా, మూసుకునే నిలబడ్డాను.

నిన్న జ్వాల చచ్చిపోయింది. పెద్ద కుక్క ముందు దింపారు. ఒక కాలు పనిచేయకపోయినా అది లేచి ముందుకే పోయింది. హీరో గారు "అదీ నా జ్వాల!" అని అరిచాడు. ఆ అరుపు విని అది తోక ఊపింది. ఆయన కోసమే చేస్తోంది అక్కా! దానికి పగ లేదు, కోపం లేదు. మెచ్చుకుంటే చాలని చేస్తోంది. నేను ఒళ్లో పెట్టుకుని మెడకు కుట్లు వేస్తుంటే, సూది దిగిన ప్రతిసారీ నా చెయ్యి నాకింది. అది నన్ను కొరికి ఉంటే నేను బాగుపడేవాణ్ని. మనిషిని కరిచే కుక్కను వీళ్లు ఉండనివ్వరు. మనుషులను ప్రేమించే వాటినే ఏరి, పెంచి, గుంతలో దింపుతారు. నాలుగో కుట్టుకు ప్రాణం పోయింది. ఆయన ఇటు చూడనే లేదు, తరువాతి జతను తెమ్మన్నాడు.

ఎందుకు రావని అడుగుతావు. ఎర్రోడు ఉన్నాడు. అదొక్కటే కాదు, దాచడం అయిపోయింది కాబట్టి ఇది కూడా రాస్తున్నా. ఆయన పదిమందిలో "సోమన్నా" అని పిలిస్తే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది. తోక ఊపింది జ్వాల ఒక్కటే కాదక్కా.

సోమన్న

—

మిర్యాలగూడ
10-5-2007

అక్కకు,

కంగారు పడకు. నేను క్షేమం. కోదాడ వదిలేశాను. ఇక్కడ మీ అత్తమ్మ సైదమ్మ మందలో ఉన్నాను. ఫోన్ గేటు దగ్గరే ఉండిపోయింది.

ఎర్రోడికి ఏడు నెలలు నిండాయి. పందెంలోకి దించే ముందు రక్తం రుచి చూపిస్తారు. పోయిన ఆదివారం కుర్చీలన్నీ నిండాక వాణ్ని గుంతలోకి దింపి, ఒక గొర్రెపిల్లను లోపలికి వదిలారు. రెండు నెలల పిల్ల. మూలకు పోయి వణుకుతోంది.

ఎర్రోడు దాని దగ్గరికి పోయాడు. మూతి నుంచి తోక దాకా వాసన చూశాడు. తరువాత దాని ముందు పక్కకు ఒరిగి పడుకున్నాడు. ఆ పిల్ల కాసేపు చూసి, దగ్గరికి జరిగి, వాడి పొట్టలో మూతి పెట్టి పాల కోసం వెతికింది! అక్కా, అంతమంది పెద్దవాళ్లున్న షెడ్డు కదా, ఒక్క చప్పుడు లేదు. రేకుల మీద ఆకులు రాలుతుంటే వినిపించింది. నేను దేవుణ్ని చూడలేదు కానీ, చూసినవాళ్లు ఎట్లా నిలబడిపోతారో ఆ రోజు తెలిసింది.

వెనక నుంచి ఎవరో నవ్వారు. "కేతన్ బాబు గొర్రెల్ని కూడా పెంచుతున్నాడే!" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన ముఖం నల్లబడింది. నన్ను పక్కకు పిలిచి "సాయంత్రానికి ఇది ఉండకూడదు" అన్నాడు. పేరు పెట్టి పిలవలేదు. ఈసారి నా ఛాతీ ఉబ్బలేదు.

వాణ్ని నీలం అంగీలో చుట్టి, పైన గొంగడి కప్పి, వెనక కంచె దూకాను. హుజూర్‌నగర్ మీదుగా రెండు రోజులు నడిచాను. సైదమ్మ అత్తకు ఊరకుక్క అని చెప్పాను. స్రవంతి సెలవులకు ఇక్కడే ఉంది కదా, వాడి వీపు వదలడం లేదు.

సోమన్న

—

సూర్యాపేట
19-5-2007

సోమన్నా,

నువ్వు అక్కడ టీవీ చూడటం లేదు. ఇక్కడ మూడు రోజులుగా అదే నడుస్తోంది. కుర్చీల్లో కూర్చున్న వాళ్లలో ఎవరో ఆ పందెం వీడియో తీసి బయటపెట్టారు. ముఖాలు కనపడలేదు కానీ తోట ఎవరిదో తెలిసిపోయింది. విజయకేతన్ మైకుల ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నా తోటలో పిట్‌బుల్స్ ఉన్న సంగతే నాకు తెలియదు. పనివాడు సోమన్న నా వెనకాల నడిపాడు. ప్రమాదకరమైన కుక్కను ఎత్తుకుపోయాడు, జాగ్రత్త" అని నీ పేరు చెప్పాడు. మీ బావ ఆటో మీది బొమ్మను గీకి పారేశాడు.

ఇంకొకటి కూడా చూపించారు. పిట్‌బుల్ పట్టుకుంటే చచ్చినా వదలదట. ఎన్నాళ్లు మెత్తగా ఉన్నా ఏదో ఒక రోజు తిరగబడుతుందట. వేరే దేశంలో ఏదో పిల్లను... నేను లేచి వచ్చేశాను, చూడలేకపోయాను.

నువ్వు రాసింది చదివి ఏడ్చాను. నమ్ముతున్నాను కూడా. కానీ నా బిడ్డ నాలుగేళ్లది, సోమన్నా. ఆ కుక్క వీపు మీద చెయ్యేసి తిరుగుతోందని నువ్వు మురిసిపోతూ రాశావు. ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాను. నా దగ్గర అబద్ధమాడినట్టే సైదమ్మ అత్త దగ్గరా ఆడావు. ముందు ఆమెకు నిజం చెప్పు. కుక్కను కట్టెయ్. నేను మేడమ్ దగ్గర సూది తీసుకుని వస్తాను. నొప్పి లేకుండా పోతుంది. నా మీద కోపం పెట్టుకో, పర్వాలేదు.

నాగరాణి

—

మిర్యాలగూడ
24-5-2007

అక్కా,

చెప్పాను. సైదమ్మ అత్త చుట్ట పక్కన పెట్టి అంతా విన్నది. ఒక్కటే అడిగింది.

"ఎవ్వరి పాలు తాగి పెరిగింది?"

"గొర్రెయి, అత్తా."

"మరి గొర్రె బిడ్డనేగదర. ఇన్ని దినాలు నాకెందుకు జెప్పలే? దానికన్న నువ్వే పరేషాన్ జేస్తున్నవ్ నన్ను."

స్రవంతిని మాత్రం తన పక్కనే కూర్చోబెట్టుకుంటోంది. నువ్వు వచ్చేదాకా ఎర్రోణ్ని కట్టేసే ఉంచుతాను. సూది తీసుకుని రా. వద్దనను, ఆ హక్కు నాకు లేదు. కానీ వాణ్ని విప్పి ఒక్క పూట మందలో చూడు. చూసినాక నువ్వేమంటే అదే.

సోమన్న

—

సూర్యాపేట
3-6-2007

తమ్ముడు సోమన్నకు,

నిన్న నీకు చెప్పాల్సింది చెప్పకుండానే బస్సెక్కాను. బస్సులో వచ్చేటప్పుడు కూడా నా సంచిలో ఆ సూది అట్లాగే ఉంది. ఇంటికి వచ్చి దీపం పెట్టి ఇది రాస్తున్నాను.

కాలువ కట్ట దిగి చూస్తే కోసిన మళ్లలో మంద నిండుగా ఉంది. కుక్క ఎక్కడుందో కనపడలేదు. నేను వస్తున్నానని అప్పుడే విప్పి వదిలిన నువ్వు చూపిస్తే తెలిసింది. గొర్ల మధ్యలో పడుకుని ఉన్నాడు, పిల్లలు వాడి మీదెక్కి దూకుతున్నాయి. స్రవంతిని నా కొంగులో దాచుకుని దూరంగానే నిలబడ్డాను. అప్పుడే ఊరి కుక్కలు నాలుగు కట్ట మీద నుంచి పిల్లల మీదికి దిగాయి.

వాడు లేచాడు. అరవలేదు. పోయి వాటికీ మందకూ నడుమ నిలబడ్డాడు, అంతే. పెద్దది వచ్చి వాడి చెవి పట్టుకుంది, రక్తం కారింది. అప్పుడు ఛాతీతో గుద్ది దాన్ని పడగొట్టి, మెడ నోట కరచుకున్నాడు. నాకు టీవీ మాటలే చెవుల్లో మోగాయి. పట్టుకుంటే చచ్చినా వదలదు, వదలదు. చెయ్యి సంచిలోకి పోయింది. నువ్వు ఈల వేశావు.

ఒక్క ఈల, సోమన్నా! నోరు తెరిచాడు. కిందిది లేచి కుంటకుండా పారిపోయింది. దాని మెడ మీద పంటిగాటు లేదు. ఆ దవడలో అంత బలమున్నా వాడు దాన్ని దాచుకున్నాడు. పదేళ్లుగా దవాఖానలో ఎన్ని జీవాలను పట్టుకున్నానో, ఎన్నిటి చేత తన్నులు తిన్నానో. ఇట్లాంటిది చూడలేదు. చంపే సూది కోసం సంచిలో పెట్టిన చేత్తో కుట్టే సూది తీశాను. చెవికి అయిదు కుట్లు. నా ఒళ్లో తల పెట్టి ప్రతి కుట్టుకూ నా మణికట్టు నాకాడు. నువ్వు జ్వాల గురించి రాసింది అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

ఇప్పుడు నా మాట విను. దాక్కుని బతికితే వాణ్ని ఎవరో ఒకరు గుర్తుపట్టి రాళ్లతో కొట్టి చంపుతారు. నిన్ను దొంగ అంటారు. పోయిన నవంబరులో ఆయనే టీవీలో చూపించిన వీడియో గుర్తుందా? తెల్లమచ్చ, నీ కడియం, "నా తోటలో పుట్టిన పిల్ల" అని ఆయన గొంతు. పిట్‌బుల్స్ ఉన్న సంగతే తెలియదన్న మనిషికి అది చాలు. ఆ టీవీ వాళ్లకు మేడమ్ ఫోన్ చేసింది, టేపు ఉందన్నారు. మేడమ్ కుక్కను పరీక్షించి కాగితం రాసిస్తానంది. కోదాడ స్టేషన్‌కు వాణ్ని తీసుకుని పగటిపూట, రోడ్డు మీద నుంచే నడిచి పో. నీ చేతులు చేసింది కూడా దాచకుండా చెప్పు. దారం పంపింది నేనని నేనూ చెప్తాను.

అక్క

—

మిర్యాలగూడ
1-7-2007

అక్కకు తమ్ముడు సోమన్న దండాలు.

పోయాను. ఎర్రోడూ నేనూ రోడ్డు మీద నుంచే నడిచాం, సైదమ్మ అత్త కూడా వస్తానని బస్సెక్కి స్టేషన్ దగ్గర కలిసింది. స్టేషన్ గోడల మీద జనం, కెమెరాలు. రాక్షసి కుక్క వచ్చిందని వచ్చారు. పళ్లు చూపించమని ఒకాయన కర్రతో ఆడించాడు. ఎర్రోడు ఆవులించి, సైదమ్మ అత్త పాదాల మీద గడ్డం పెట్టుకుని నిద్రపోయాడు. గోడ మీది వాళ్లు ఒక్కొక్కరే దిగి లోపలికి వచ్చి, ముందు దూరంగా, తరువాత దగ్గరగా కూర్చుని చూశారు.

ఎస్సై నా మాటలు రాసుకున్నాడు. నాలుగు గంటలు పట్టింది. టేపు చూశాడు, నా కడియం చూశాడు, తెల్లమచ్చ చూశాడు. హీరో గారికి నోటీసు పోయింది. పెద్దవాళ్లు కదా, ఏమవుతుందో తెలియదు. నా మీదా కేసు ఉంది, పిలిచినప్పుడల్లా పోవాలి. ఉండనీ. మిగిలిన అయిదు కుక్కలనూ తోట నుంచి తెచ్చి మేడమ్‌కు అప్పగిస్తారట. కేసు తేలేదాకా ఎర్రోణ్ని సైదమ్మ అత్త పేరు మీద మందలోనే ఉంచమన్నారు.

కాగితం నింపుతూ ఎస్సై "కుక్కది ఏం జాతి?" అన్నాడు. ఊరకుక్క అని మళ్లీ నోటిదాకా వచ్చింది. మింగేసి, పిట్‌బుల్ అని చెప్పాను. "ఏం జేస్తది?" అన్నాడు. "మందకు కావలి" అన్నాను. ఆయన నా ముఖం చూసి, ఎర్రోణ్ని చూసి, రెండూ రాశాడు. చివర్న ఇంకేమైనా చెప్పాలా అంటే, జ్వాల పేరు రాయమన్నాను. చచ్చిన కుక్క పేరెందుకన్నాడు. రాయమన్నాను అక్కా. రాశాడు.

హీరో చెయ్యేసిన నీలం అంగీ ఉంది కదా, ఇవాళ కాలువలో ఉతికాను. ఉతికితే అది మామూలు అంగీయే. ఆరేశాక కింద పరిచాను. ఎర్రోడు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, వద్దనుకుని, పోయి గొర్ల మధ్యలో పడుకున్నాడు.

నీ తమ్ముడు
సోమన్న